ఎదిగే పిల్లలతో సెలవులు: గదా, ఇల్లా?

వేసవి సెలవులు దగ్గర పడే కొద్దీ పాతబస్తీ ఇళ్లలో ఒక ప్రశ్న మొదలవుతుంది. "ఈసారైనా ఎక్కడికైనా వెళ్దామా అబ్బా?" అని పిల్లలు అడుగుతారు. "చూద్దాంలే బేటా" అని తండ్రి అంటాడు. ఆ చూద్దాం చూద్దాం అనుకుంటూ ఉండగానే జూన్ వచ్చేస్తుంది, బడులు తెరుస్తారు. యాకుత్‌పురా అయినా, శాలిబండ అయినా, తాలాబ్ కట్టా అయినా పరిస్థితి ఇంచుమించు ఇదే.

ఈ మధ్య ఈ ప్రశ్నకు ఇంకొకటి తోడైంది. జెద్దా నుంచో షికాగో నుంచో సెలవులకు వచ్చిన చాచా పిల్లలు, మామూ పిల్లలు అక్కడి రిసార్టుల కబుర్లు చెబుతారు. రెండు పడకగదులు, హాలు, వంటగది, కింద ఈతకొలను ఉండే ఇంటిలాంటి వసతిని అమెరికాలో కాండో అంటారట. మన దగ్గర దాన్నే సర్వీస్ అపార్ట్‌మెంట్ అనీ, విల్లా అనీ, కాటేజీ అనీ, హోమ్‌స్టే అనీ రకరకాల పేర్లతో అద్దెకిస్తున్నారు. "మనమూ అలాంటి చోటికి వెళ్లకూడదా?" అని పదిహేనేళ్ల అమ్మాయి అడిగితే తల్లిదండ్రులు ఇబ్బందిగా ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. డబ్బు ఒక బెంగ. భోజనం హలాలో కాదో అన్నది మరో బెంగ. ఆడపిల్లల పర్దా సంగతి ఇంకో బెంగ. ఇవన్నీ న్యాయమైన బెంగలే. వాటిని సాకుగా చేసుకుని ప్రశ్నను దాటవేయడం మాత్రం న్యాయం కాదని మేము అనుకుంటున్నాము.

ఎన్ని వేసవులు మిగిలాయి?

ముందుగా ఒక లెక్క వేద్దాం. పదమూడో ఏట నుంచి పద్దెనిమిదో ఏట వరకు ఒక బిడ్డకు వచ్చే వేసవులు ఆరు. తొమ్మిది పాసై పదిలోకి అడుగుపెట్టే వేసవిని చాలా బడులు ముందస్తు తరగతులతో లాగేసుకుంటాయి. ఇంటర్ మొదటి ఏడు, రెండో ఏడు మధ్య వేసవి కోచింగ్‌కు పోతుంది. ఇంటర్ ముగిసిన వేసవి ఎంసెట్ స్థానంలో వచ్చిన ఈఏపీసెట్‌కూ నీట్‌కూ పోతుంది. ఇక మిగిలేవి మహా అయితే రెండు మూడు. ఆ తర్వాత అబ్బాయి చదువుకో ఉద్యోగానికో పరాయి ఊరు వెళ్తాడు. అమ్మాయి అత్తవారింటికి వెళ్తుంది. తల్లీ తండ్రీ పిల్లలూ ఒకే కప్పు కింద ఏ పనీ లేకుండా నాలుగు రోజులు కూర్చుని మాట్లాడుకునే అవకాశం ఇక రాకపోవచ్చు.

పాతబస్తీ ఆడపిల్లల సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. మగపిల్లవాడికి గల్లీ ఉంది, మైదానం ఉంది, స్నేహితుల బైకు ఉంది. ఆడపిల్లకు ఇల్లు, కాలేజీ, ట్యూషన్, పెళ్లిళ్లలో షాదీఖానా. ఇంతే ప్రపంచం. చెట్ల కింద వంద అడుగులు నిదానంగా నడిచి ఎన్నాళ్లయిందని ఆమెను అడిగి చూడండి. ఇరుకు గదుల మధ్య పెరిగే ఆ బిడ్డకు ఆకాశం చూపించడం విలాసమా? మేము అలా అనుకోము. అది ఆమె హక్కుల్లో ఒకటి.

ప్రయాణం మన ధర్మానికి పరాయిది కాదు. భూమిలో సంచరించి గత జాతుల పర్యవసానాన్ని చూడమని దివ్యఖుర్ఆన్ పలుమార్లు పిలుపునిస్తుంది. ప్రయాణంలో దైవప్రవక్త (స) సహచరులను ముందుకు పంపి హజ్రత్ ఆయిషా (రజి)తో పరుగు పందెం వేసిన ఉదంతం హదీసుల్లో ఉంది. ఇంటివారితో కలసి సంతోషించడం గౌరవానికి భంగం కాదనీ, ఆ సంతోషానికి తగిన చాటు కల్పించడం కూడా ముఖ్యమేననీ ఈ ఒక్క ఉదంతం రెండు విషయాలు నేర్పుతుంది. సెలవుల వసతి ఎంచుకోవడానికి ఇంతకు మించిన సూత్రం అక్కర్లేదు: సంతోషం ఉండాలి, చాటు ఉండాలి.

పెద్దల కాలపు విహారాలు

మన పెద్దలు ఇల్లు కదలకుండా బతికారనుకుంటే పొరపాటు. సఫర్ నెల ఆఖరి బుధవారం హైదరాబాద్ కుటుంబాలు తోటలకు వెళ్లి పచ్చిక మీద నడిచేవి. ఆ ఆచారానికి ఆధారం ఉందా లేదా అన్న చర్చ వేరు. ఆ పేరుతో ఇంటి ఆడవాళ్లు ఏడాదికొకసారి పచ్చగడ్డి తొక్కారన్నది మాత్రం నిజం. 1908 సెప్టెంబర్‌లో మూసీ వరద నగరాన్ని ముంచెత్తిన తర్వాత, మళ్లీ అలాంటి విపత్తు రాకుండా కట్టిన ఉస్మాన్ సాగర్ 1920లో పూర్తయింది. ఆ గండిపేట గట్టు తరాల తరబడి మన పిక్నిక్‌లకు నెలవైంది. కొత్తూరు దగ్గర జహంగీర్ పీరాన్ దర్గాకు వ్యాన్లు కట్టుకుని, దేగిచీలు, సామాన్లు వేసుకుని వెళ్లి అక్కడే వండుకు తినడం నేటికీ ఉన్నదే. గుల్బర్గాలో బందేనవాజ్ ఉర్సుకు వెళ్లివచ్చే కుటుంబాలు ఎన్నో!

ఈ ప్రయాణాల్లో గొప్ప మేలు ఉంది. దాదీ నుంచి చంటిబిడ్డ దాకా అందరూ కలసి వెళ్లేవారు. ఖర్చు పంచుకునేవారు. భోజనం గురించి అనుమానం ఉండేది కాదు. లోపం కూడా ఒకటి ఉంది. ఇంట్లో వండే స్త్రీలే అక్కడా వండేవారు. పొయ్యి మారింది, పొగ మారలేదు. పెద్దలకు జియారత్, పిల్లలకు ఆట దొరికేది. పద్నాలుగేళ్ల అమ్మాయికి మాత్రం చిన్నపిల్లలను ఆడించే పని దొరికేది. ఇప్పుడు కొత్త రకం వసతి ఎంచుకోబోతున్నాం గనుక ఆ లోపాన్ని మోసుకుపోకుండా చూసుకోవాలి.

గది కంటే ఇల్లు ఎందుకు మేలు?

తల్లిదండ్రులు, దాదీ, ఇద్దరు ఆడపిల్లలు, ఒక అబ్బాయి. ఆరుగురి కుటుంబం అనుకుందాం. హోటల్లో ఒక గది తీసుకుని రెండు అదనపు పరుపులు వేయించుకుంటే డబ్బు మిగులుతుందనుకుంటాం. పదేళ్లు వచ్చేసరికి పిల్లల పడకలు వేరు చేయమని దైవప్రవక్త (స) బోధించారు. ఇంట్లో పాటించే ఈ మర్యాదను సెలవుల పేరుతో పక్కన పెట్టడం తగదు. పైగా ఈడొచ్చిన అమ్మాయి బట్టలు మార్చుకోవాలన్నా స్నానాల గది ఖాళీ కోసం కాచుకోవాలి. ఆరుగురికి ఒక్క స్నానాల గది అయితే ఫజ్ర్ నమాజు వేళ ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

సరే, రెండు గదులు తీసుకుందామంటే అవి పక్కపక్కన దొరుకుతాయన్న హామీ ఉండదు. అబ్బాయిని రెండో అంతస్తులో, అమ్మాయిలను నాలుగో అంతస్తులో పెట్టి తల్లి నిద్రపోగలదా? కూర్చుని మాట్లాడుకునే చోటు ఏ గదిలోనూ ఉండదు. పిల్లలు మంచం మీద ఫోన్లతో, తండ్రి టీవీతో, తల్లి కిటికీతో. ఇంటి సమస్యే అద్దె కట్టి కొనుక్కున్నట్టు అవుతుంది.

రెండు పడకగదులు, రెండు స్నానాల గదులు, మధ్యలో హాలు, చిన్న వంటగది ఉన్న కాటేజీ గానీ ఫ్లాటు గానీ ఈ చిక్కులు చాలావరకు తీరుస్తుంది. దాదీకి, ఆడపిల్లలకు ఒక గది. తల్లిదండ్రులకు ఒకటి. అబ్బాయికి హాలు. అందరూ జమాతుగా నిలబడి నమాజు చేసుకోవడానికి చోటు. బయటివారి కంట పడకుండా ఆడపిల్లలు దుపట్టా తీసి జుట్టు ఆరబెట్టుకోవడానికి ఒక వరండా. తలుపు వేసుకుంటే మన ఇల్లు, తీస్తే కొండ గాలి. పిల్లలు ఎదిగిన కుటుంబానికి గది కంటే ఇల్లే మేలని మా అభిప్రాయం.

అయితే వంటగది విషయంలో ఒక హెచ్చరిక. వంటగది ఉంది కదా అని మూటల కొద్దీ బియ్యం, మసాలాలు కట్టుకుని వెళ్లి, మూడు పూటలా తల్లి చేత వండిస్తే ఆమెకు అది సెలవా? ఇంట్లో నాలుగు అడుగుల దూరంలో ఉన్న పొయ్యి నాలుగు వందల మైళ్ల దూరంలోకి మారింది, అంతే. దైవప్రవక్త (స) ఇంటి పనుల్లో ఇంటివారికి సాయపడేవారని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు. ఆ సున్నత్ మీద మన ఉపన్యాసాలు తక్కువ, ఆచరణ ఇంకా తక్కువ. కాబట్టి బయలుదేరే ముందే ఇంట్లో ఒక ఒప్పందం చేసుకోవాలి. ఉదయం నాస్తా అబ్బాయి, తండ్రి చూసుకోవాలి. గుడ్లు, రొట్టె, చాయ్ చేయడం బ్రహ్మవిద్య కాదు. మధ్యాహ్నం బయట, నమ్మకమైన చోట. రాత్రికి ఖిచిడీయో దాల్‌చావలో అందరూ కలసి. అమ్మీ చేతికి గరిటె ఇవ్వడం ఆమె అడిగితేనే.

ఫోన్లోనే తేల్చుకోవలసిన సంగతులు

రిసార్టు గుమ్మంలో దిగాక గొడవపడడం కంటే ముందే ఫోన్లో అడగడం ఉత్తమం. అడగడానికి మొహమాటం వద్దు. డబ్బు మనది.

మాంసం ఎక్కడి నుంచి తెస్తారు? హలాల్ అని నోటిమాటగా చెబుతున్నారా, సరఫరాదారు పేరు చెప్పగలరా? తేల్చి చెప్పలేకపోతే చేప, కూరగాయలు, గుడ్లతో నాలుగు రోజులు గడపడం కష్టమేమీ కాదు. వంటగదిలో పాత్రలు ఉన్నాయా, వేటికి వాడిన పాత్రలో తెలుసా? అనుమానం ఉంటే ఒక కుక్కరు, ఒక పెనం వెంట తీసుకెళ్తే సరిపోతుంది. బార్ ఉందా? ఉంటే మన కాటేజీకి ఎంత దూరం? రాత్రి పూట పాటల హోరు ఎన్ని గంటల వరకు? శని, ఆదివారాల్లో తాగి చిందులు వేసే బృందాలు వస్తాయా? ఈ కారణం ఒక్కటి చాలు, సోమవారం నుంచి గురువారం వరకు వెళ్లడం మంచిదనడానికి. ఆ రోజుల్లో అద్దె కూడా సాధారణంగా తక్కువే ఉంటుంది. గురువారం సాయంత్రం తిరుగు ప్రయాణమైతే జుమాకు మన మహల్లా మసీదులోనే ఉండవచ్చు.

ఈతకొలను సంగతి విడిగా అడగాలి. ఆడవారికి ప్రత్యేక సమయం ఉందా? ఆ సమయంలో కాపలా ఉండేది మహిళేనా? ఒళ్లంతా కప్పే ఈత దుస్తులను అనుమతిస్తారా? కొన్ని చోట్ల నైలాన్ వస్త్రమైతేనే నీళ్లలోకి దిగనిస్తారు. సల్వార్ కమీజుతో దిగబోతే సిబ్బంది ఆపుతారు, బిడ్డ నలుగురిలో చిన్నబోతుంది. ముందే అడిగి, తగిన దుస్తులు కుట్టించుకుని వెళ్తే ఆ అవమానం ఉండదు. ఆడపిల్లలకు ఈత అక్కర్లేదనే వారితో మేము ఏకీభవించము. నీళ్లలో పడితే ప్రాణం కాపాడుకునే విద్య ఇద్దరికీ అవసరమే.

ఇటీవల మొయినాబాద్, శంషాబాద్, శంకర్‌పల్లి వైపు ఫామ్‌హౌస్‌లు రోజువారీ అద్దెకు ఇస్తున్నారు. గోడలు ఎత్తుగా ఉంటాయి, కొలను మన ఒక్క కుటుంబానికే ఉంటుంది కాబట్టి పర్దా పాటించే ఇళ్లకు ఇవి బాగా నచ్చుతున్నాయి. నచ్చవలసినవే. కానీ చాలాచోట్ల ప్రాణరక్షకుడు ఉండడు. ఎక్కడ ఎంత లోతో గోడ మీద రాసి ఉండదు. పెద్దవాళ్లు బగారా ఖానా వడ్డించుకునే హడావుడిలో ఉండగా పిల్లలు నీళ్లలో ఉంటారు. ఒక పెద్ద మనిషి భోజనం మానుకుని అయినా గట్టున కూర్చోవాలి. వంతులు వేసుకోండి. ఇది సలహా కాదు, అమానత్.

ఇక లెక్కల సంగతి. పన్నెండేళ్లు నిండిన పిల్లలకు రైల్లో పూర్తి టిక్కెట్టు. రిసార్టుల్లో కూడా చాలావరకు ఆ ఈడు పిల్లలను పెద్దవారి కిందే లెక్కిస్తారు. "పిల్లలకు ఉచితం" అన్న మాట చూసి సంబరపడకుండా, ఎన్నేళ్ల లోపు పిల్లలకో అడగాలి. పన్నులతో కలిపి మొత్తం ఎంత, రద్దు చేసుకుంటే ఎంత తిరిగి వస్తుంది అన్నది రాతపూర్వకంగా తెప్పించుకోవాలి. 2024 నవంబర్ 1 నుంచి రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందే మొదలవుతోంది. అంతకుముందు 120 రోజులు ఉండేది. బక్రీద్ సంగతి కూడా గుర్తుంచుకోవాలి. 2025లో జూన్ 7న వచ్చిన బక్రీద్ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతూ కొన్నేళ్లపాటు వేసవి సెలవుల మధ్యలోనే వస్తుంది. ఖుర్బానీ సొమ్ము, ప్రయాణం సొమ్ము ఒకే నెలలో కావలసి వస్తాయి. ముందుగా చూసుకోకపోతే అప్పు తప్పదు.

ఏ ఊరు?

పిల్లలు ఏం చూస్తారు, ఏం చేస్తారు అన్నదే అసలు ప్రశ్న. నాలుగు గోడలు ఎంత అందంగా ఉన్నా పదహారేళ్ల కుర్రవాడు రెండో రోజుకే విసిగిపోతాడు.

దగ్గరలో కావాలంటే వికారాబాద్ అనంతగిరి కొండలు ఉన్నాయి. నగరానికి సుమారు 80 కిలోమీటర్లు. మన పాతబస్తీని ఒరుసుకుంటూ పారే మూసీ నది పుట్టింది అక్కడే. నయాపూల్ మీద ముక్కు మూసుకుని దాటే పిల్లలకు అదే నది అడవిలో ఎలా మొదలవుతుందో చూపించండి. వంద ఉపన్యాసాలు చెప్పలేని పాఠం అది. నీళ్లు, డ్యాం చూడాలనుకుంటే సుమారు 150 కిలోమీటర్ల దూరంలో నాగార్జున సాగర్. 1955 డిసెంబర్ 10న శంకుస్థాపన జరిగిన ఆ ఆనకట్ట, లాంచీ మీద వెళ్లే నాగార్జునకొండ మ్యూజియం చదువుకునే పిల్లలకు ఉపయోగం. లాంచీలు నడుస్తున్నాయో లేదో ముందే కనుక్కోవాలి.

మా ఓటు మాత్రం బీదర్‌కు. సుమారు 140 కిలోమీటర్లు, పొద్దున బయలుదేరితే మధ్యాహ్నం భోజనం అక్కడే. 1956 వరకు అది మన హైదరాబాద్ రాష్ట్రంలోని జిల్లాయే. బహమనీ మంత్రి మహమూద్ గవాన్ 1472లో కట్టించిన మదరసా మినారు, దాని మీద మిగిలిన రంగు పలకలు నేటికీ నిలిచి ఉన్నాయి. ఇరాన్ నుంచి వచ్చిన ఒక వ్యాపారి దక్కన్‌లో మంత్రి అయి, విద్యాలయం కట్టించాడన్న సంగతి మన పిల్లల్లో ఎందరికి తెలుసు? భూమి అడుగున తవ్విన కరేజ్ కాలువలు, కోట, అష్టూర్ గోరీలు, బిద్రీ పనివారి దుకాణాలు చూడడానికి రెండు మూడు రోజులు చాలవు. ఇంకొంచెం ముందుకు వెళ్లగలిగితే గుల్బర్గా కోటలో 1367 నాటి జామే మసీదు ఉంది. తెరిచిన ప్రాంగణం లేకుండా మొత్తం గుమ్మటాల కింద కట్టిన అరుదైన మసీదు. జియారత్‌కు గుల్బర్గా వెళ్లివచ్చే ఎంతోమంది ఆ మసీదు గడప తొక్కకుండానే తిరిగి వస్తారు.

చల్లదనమే కావాలంటే అరకు ఉంది, మదనపల్లె దగ్గరి హార్సిలీ హిల్స్ ఉంది. ఊటీ, కొడైకెనాల్ వెళ్లాలనుకునేవారు సొంత బండిలో వెళ్తే ఒక సంగతి చూసుకోవాలి. మద్రాసు హైకోర్టు ఆదేశం మీద 2024 మే 7 నుంచి అక్కడ వాహనాలకు ఈ-పాస్ పద్ధతి మొదలైంది. బయలుదేరే ముందు తాజా నిబంధన తెలుసుకోవాలి.

నమాజు విషయంలో మన ప్రాంతంలోని హనఫీ ఉలమా సుమారు 48 మైళ్లు, అంటే 77 కిలోమీటర్లకు పైబడిన ప్రయాణానికి, పదిహేను రోజులకు తక్కువ మజిలీకి ఖస్ర్ చెబుతారు. బీదర్, సాగర్ విషయంలో సందేహం లేదు. అనంతగిరి సరిహద్దులో ఉంది కాబట్టి మీ మసీదు ఇమామ్‌గారిని అడిగి వెళ్లండి. పిల్లల చేతనే అడిగించండి. సఫర్ మసాయిల్ వారికి ఆ విధంగా గుర్తుండిపోతాయి.

పాతికేళ్ల కాగితం

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన హెచ్చరిక. మాల్‌లోనో పెట్రోల్ బంకులోనో ఒక చీటీ నింపమంటారు. వారం తర్వాత ఫోను వస్తుంది. "మీకు బహుమతి వచ్చింది, భార్యాభర్తలు ఇద్దరూ రావాలి" అంటారు. చల్లని గదిలో కూర్చోబెట్టి, కొండలు, సముద్రాలు చూపించి, ఏడాదికి ఒక వారం చొప్పున పాతికేళ్లు మీదే అంటారు. ఈ రోజే సంతకం పెడితే తగ్గింపు, రేపు ఉండదు అంటారు. దీన్ని టైమ్‌షేర్ అంటారు. 1960లలో ఐరోపాలో పుట్టి, 1980ల తర్వాత మన దేశంలో వ్యాపించిన వ్యాపారం ఇది. సక్రమంగా నడిపేవారు లేరని మేము అనడం లేదు. కానీ మన కుటుంబాలకు ఇది తగునా అన్నది తూచి చూడాలి.

ఉదాహరణకు సభ్యత్వం 4 లక్షలు అనుకుందాం. పాతికేళ్లకు పంచితే ఏడాదికి 16 వేలు. దానిపైన ఏటా నిర్వహణ రుసుము 15 వేలు అనుకుందాం. అది పెరుగుతూ పోతుంది. అంటే బండి ఖర్చు, భోజనం కాకుండానే వారానికి 31 వేలు. వెళ్లని ఏడాది కూడా రుసుము కట్టవలసిందే. సెలవుల రద్దీలో కోరిన చోట గది దొరుకుతుందన్న హామీ ఉండదు. పదిహేనేళ్ల బిడ్డ కోసం ఈ రోజు సంతకం పెడితే, ఆ కాగితం గడువు తీరేనాటికి ఆ బిడ్డకు నలభై ఏళ్లు. మనకు మిగిలింది రెండు మూడు వేసవులని మొదట్లోనే లెక్క వేశాం కదా! రెండు మూడు వేసవుల కోసం పాతికేళ్ల బరువు ఎవరు ఎత్తుకుంటారు?

అంతకంటే పెద్ద సంగతి వడ్డీ. చేతిలో సొమ్ము లేనివారికి నెలవారీ వాయిదాలు అంటారు. ఆ వాయిదాల్లో వడ్డీ కలిసి ఉందో లేదో చాలామంది చదవరు. ఇల్లు లేక, వైద్యం లేక అప్పు చేసినవాడి నిస్సహాయత వేరు. కొండ మీద వారం రోజుల కోసం వడ్డీ భారం నెత్తికెత్తుకోవడానికి ఏ నిస్సహాయతా సాకు కాదు. చేతిలో ఉన్నంతలో బీదర్‌లో రెండు రాత్రులు గడిపి రావడం, అప్పుతో పాతికేళ్లు కొనుక్కోవడం కంటే వెయ్యిరెట్లు బరకత్ గల పని.

ఇప్పటికే సంతకం పెట్టి చిక్కుకున్నవారు సిగ్గుపడి మౌనంగా ఉండవద్దు. ఒప్పందాన్ని చదివి, రద్దు చేసుకునే గడువు ఏదైనా ఉందేమో వెంటనే చూడాలి. 2020 జూలై 20 నుంచి అమల్లోకి వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం కంపెనీ ఎక్కడున్నా మనం నివసించే చోటి జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు. అన్యాయమైన ఒప్పందం అన్న మాటను ఆ చట్టం ప్రత్యేకంగా నిర్వచించింది. జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం ఫోన్ నంబరు 1915.

పిల్లలతో మష్వరా

"ఆడపిల్లలతో రిసార్టులా? లోకం ఏమంటుంది?" అనే పెద్దలు ఉంటారు. వారి ఆందోళనను మేము గౌరవిస్తాము. ఐతే వారిని ఒక్కటి అడుగుతాము. తండ్రి, అన్న వెంట ఉండగా, తలుపు వేసుకునే సొంత కాటేజీలో ఉండడం ప్రమాదమా? లేక ఏ తోడూ లేకుండా తలుపు వేసుకున్న గదిలో ఫోనుతో ఒంటరిగా ఉండడం ప్రమాదమా? ఇంట్లో సంతోషం దొరకని బిడ్డే బయట వెతుక్కుంటుంది. ఇది అమ్మాయిలకూ వర్తిస్తుంది, అబ్బాయిలకు మరింత వర్తిస్తుంది.

"అంత స్తోమత మాకెక్కడిది?" అనేవారు ఇంకా ఎక్కువ. నిజమే. రోజుకు ఇంత అని సంపాదించే ఆటో సోదరుడికి, గాజుల పనివాడికి నాలుగు రోజుల పని మానుకోవడమే పెద్ద ఖర్చు. వారికి మేము రిసార్టు చెప్పము. పొద్దున వెళ్లి రాత్రికి తిరిగివచ్చే అనంతగిరి ఉంది. రెండు మూడు కుటుంబాలు కలసి తీసుకునే ఫామ్‌హౌస్ ఉంది. ఒక పెళ్లిలో ఒక పూట వలీమాకు పెట్టే ఖర్చులో ఎన్నో వంతు ఇందుకు సరిపోతుందో మనకు మనమే లెక్క వేసుకోవాలి. ఏడాది పొడవునా ఒక డబ్బాలో వారానికి ఇంత అని పిల్లల చేతనే వేయించండి. తాము కూడబెట్టిన సొమ్ముతో వెళ్లే ప్రయాణంలో పిల్లలు పేచీలు పెట్టరు.

ఇక చివరి మాట. ఎక్కడికి వెళ్లాలో తండ్రి ఒక్కడే తేల్చి వచ్చి చెప్పే పద్ధతి మానుకుందాం. విశ్వాసుల వ్యవహారాలు పరస్పర సంప్రదింపుతో జరగాలన్నది మన ధర్మం. ఆ సంప్రదింపు మసీదు కమిటీకే పరిమితం కాదు, దస్తర్‌ఖాన్ దగ్గర కూడా జరగాలి. చేతిలో ఉన్న సొమ్ము ఇంత అని పిల్లలకు దాపరికం లేకుండా చెప్పండి. మూడు చోట్లు కనుక్కునే పని అమ్మాయికి ఇవ్వండి. పైన చెప్పిన ప్రశ్నలన్నీ ఫోన్ చేసి ఆమెనే అడగనివ్వండి. రైలు, బస్సు లెక్కలు అబ్బాయికి అప్పగించండి. దాదీ మోకాళ్లకు మెట్లు లేని చోటు కావాలన్న సంగతి వారికే గుర్తుండనివ్వండి. అమ్మీకి ఏం కావాలో కూడా ఒకసారి అడగండి. ఆమెను ఈ ప్రశ్న ఎవరూ అడిగి ఉండరు.

వెళ్లిన చోట ఫోన్లు పగలంతా ఒక సంచిలో పెట్టండి. తండ్రి ఫోను కూడా. పిల్లలు మొదటి రోజు అలుగుతారు, రెండో రోజు మాట్లాడతారు, మూడో రోజు ఇన్నాళ్లూ మనసులో దాచుకున్నవి చెబుతారు. వినడానికి సిద్ధంగా ఉండండి.

ఈ వేసవి కూడా "చూద్దాంలే" అనే మాటతో గడిచిపోకూడదు. ఈ రోజు జుమా నమాజు తర్వాత, భోజనాల దగ్గర, పిల్లలను ఆ ప్రశ్న మీరే అడగండి.